రాశి ముట్టరాదు

పోకర్ పోటీలో గెలుపోటములు మొదటి గంటలోనే తేలిపోతాయని, బొంబాయి నుంచి విమానంలో వచ్చిన ఒక నిపుణుడు కాకినాడలో అధికారులకు ఉపన్యాసం చెప్పాడు. తొలి గంటలో ఎదుటివాళ్ళ బిళ్ళలు గెలిచి తన ముందు పెద్ద రాశి పోసుకున్నవాణ్ణి చూస్తే మిగతావాళ్ళు జంకుతారని, అక్కణ్ణుంచి ఆట అతని చెప్పుచేతల్లో నడుస్తుందని తెర మీద బొమ్మలు వేసి మరీ చూపించాడు. ఇది ఉపన్యాసంలో మొదటి సగం. పోసుకున్న రాశిని ఎలా వాడాలన్నది రెండో సగం. దాన్ని భోజనాల తర్వాత పెట్టారు.

మేధోక్రీడల అభివృద్ధి సంస్థ ఎం.డి. గంధం విశ్వపతి గారు జ్యోతి వెలిగించి, మొదటి సగం విని, భోజనం చేసి వెళ్ళిపోయారు. ఆయన స్థాయి అధికారి ఏ సభలోనైనా భోజనాల తర్వాత కూడా కనబడితే, పాపం ఈయనకి వేరే పని లేదు కాబోలని కిందివాళ్ళు అనుకునే ప్రమాదం ఉంది. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఆయన ఏ ఉపన్యాసమూ రెండో సగం వినలేదు. అందువల్ల ఆయన పదోన్నతులేవీ ఆగలేదు.

పైగా ఈ సంస్థకి రాకముందు ఆయన ధాన్యం గిడ్డంగుల్లో పనిచేశారు. అక్కడి పని తేలిక. కోతలు కాగానే అందరికన్నా ముందు రాశి పోయించాలి, పోయించాక దాన్ని ఎవర్నీ ముట్టనివ్వకూడదు. నిపుణుడి మాటలు ఆయనకి ఇట్టే ఒంటబట్టాయి. వారం తిరక్కుండా 'తొలి రాశి విధానం' అమల్లోకి వచ్చింది. డబ్బు పెట్టి ఆడితే పోలీసులు పట్టుకుంటారు, ప్లాస్టిక్ బిళ్ళలు పెట్టి ఆడితే మేధోక్రీడ. ఆ సంస్థ పుట్టిందే ఈ తేడా మీద కనుక, విధానానికి ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఆ ఉత్తర్వు టైపు చేసింది సలాది వీరవేణి. ఆమె ఆ ఆఫీసులో ఒప్పంద ఉద్యోగి. పదకొండేళ్ళుగా ప్రతి మార్చి ముప్ఫై ఒకటో తేదీ సాయంత్రం ఆమె ఉద్యోగం పోతుంది. ఒక రోజు ఖాళీ ఉంచి, ఏప్రిల్ రెండున మళ్ళీ ఇస్తారు. విడవకుండా పనిచేశానని రేపు కోర్టుకెక్కకుండా మధ్యలో ఈ గండి కొడతారన్నమాట. ఆ ఒక్క రోజూ వీరవేణికి అన్నం సయించేది కాదు. ఫోను ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చునేది. ఈసారి పిలవకపోతే? అన్న ఆలోచన పదకొండేళ్ళయినా పాతబడలేదు.

ఉత్తర్వు చివరి పేరాలో ఒక వాక్యం ఉంది. కాకినాడలోనే జరగబోయే జాతీయ పోటీలో ఆఖరి బల్ల దాకా, అంటే మిగిలిన తొమ్మండుగురిలో ఒకరిగా నిలిచిన ఒప్పంద ఉద్యోగిని క్రీడా కోటాలో పర్మనెంటు చేస్తారట. ఆ వాక్యం దగ్గర వీరవేణి చేతులు ఆగిపోయాయి. ఆమెకి పేకాట వచ్చు. మామూలుగా రావడం కాదు.

వాళ్ళది గోదావరి లంక. వరదొచ్చినప్పుడల్లా ఊరంతా బడి మేడ మీదకి చేరేది. నీళ్ళు తీసేదాకా ఊసుపోక ఆమె నాయనమ్మ చింతపిక్కలు పోసి మూడు ముక్కలాట ఆడించేది. పిల్ల నాలుగు పిక్కలు గెలవగానే పావడాలో మూటకట్టుకోబోతే ముసలావిడ చేతి మీద ఒక్కటి వేసేది.

"కూర వొండుకుంటావేటే వాటిని? తియ్యి. పందెం కాయి. ఎదురుగా ఉన్నోడికి గుండె దడ పుట్టాలి" అనేది.

వరద తీసేసరికి లంకలో పిక్కలన్నీ ఈ ఇద్దరి దగ్గరే ఉండేవి.

ఆఫీసులో ఎంపిక పోటీ పెడితే వీరవేణి ముగ్గురు సూపరింటెండెంట్లనీ, ఒక జాయింట్ డైరెక్టర్నీ గంటలో ఖాళీ చేసి కూర్చోబెట్టింది. ఆడది, పైగా ఒప్పంద ఉద్యోగి అని కొందరు నసిగారు గానీ, ఓడిపోయినవాళ్ళెవరూ మళ్ళీ ఆడదామని అనలేదు. దాంతో ఆమెనే పంపక తప్పలేదు.

శిక్షకుడిగా స్టోర్సు ఆఫీసరు పిండిప్రోలు భాస్కరం గారిని వేశారు. ఆయనకి పేకాట రాదు. కానీ బిళ్ళలు స్టోర్సు సామాను కిందకి వస్తాయి. రోజూ పదింటికి ఆట మొదలయ్యేది, పదకొండుకి భాస్కరం గారు గంట కొట్టి అందరి చేతుల్లో ముక్కలూ లాగేసుకునేవారు.

"మిగతా ఆట ఎప్పుడాడతామండీ?" అని అడిగింది వీరవేణి.

"మిగతా ఆటేంటమ్మా? విధానం తొలి రాశికే. మలి రాశికి ఉత్తర్వు లేదు కదా."

"మరి గెలిచిన బిళ్ళల్ని ఏం చెయ్యాలండి?"

"జాగ్రత్తగా ఉంచాలి" అన్నారు భాస్కరం గారు, చంటిపిల్లకి చెప్పినట్టు.

వీరవేణి ఆ మాట అంతగా పట్టించుకోలేదు. బల్ల ముందు కూర్చున్నాక చెయ్యి తనదే కదా అనుకుంది.

పోటీ సముద్రం వైపు రోడ్డులో ఉన్న ఒక ఏసీ కల్యాణ మండపంలో పెట్టారు. ముందురోజు పెళ్ళి తాలూకు బంతిపూల తోరణాలు ఇంకా వేలాడుతున్నాయి. పెళ్ళికూతురి గదిని క్రీడాకారిణుల విశ్రాంతి గదిగా మార్చారు. క్రీడాకారిణి వీరవేణి ఒక్కతే. ఆమె బల్ల దగ్గర ఎదురుగా సూరత్ నుంచి వచ్చిన జిగ్నేష్ భాయ్ అనే చీరల వ్యాపారి కూర్చున్నాడు. రాజమండ్రి బట్టల మార్కెట్టుకి ఇరవయ్యేళ్ళుగా సరుకు వేస్తూ తెలుగు పట్టుబడ్డవాడు.

ఈ ఆటలో ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి ఇస్తారు. బల్ల మధ్య అయిదు ముక్కలు అందరికీ ఉమ్మడిగా తెరుస్తారు. మొదటి గంట ఇంకా సగం కాకముందే వీరవేణి చేతిలో రెండు ఏడులు పడ్డాయి. మధ్యలో తెరిచిన ముక్కల్లో రాజుతో పాటు మూడో ఏడు కూడా వచ్చింది. జిగ్నేష్ భాయ్ దగ్గర ఇంకో రాజు ఉన్నట్టుంది, గుప్పెడు బిళ్ళలు ముందుకు తోశాడు. వీరవేణి మొహం చిన్నబుచ్చుకుంది. నుదురు రుద్దుకుంది. ముక్కలు రెండుసార్లు ఎత్తి చూసుకుంది. చివరికి బేరం కుదరని ఆడమనిషి అయిష్టంగా సంచీ చాపినట్టు, తనూ అన్ని బిళ్ళలు పెట్టింది. అతను ఇంకా తోశాడు, ఆమె ఇంకా దిగాలుగా పెట్టింది. ముక్కలు తిప్పాక జిగ్నేష్ భాయ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అతని బిళ్ళల్లో ముప్పాతిక వంతు బల్ల దాటి వచ్చేశాయి.

ఆ ఊపులో వీరవేణి పుణె ఇంజినీరు ఒకణ్ణి, కోయంబత్తూరు డాక్టరు ఒకాయన్నీ ఇంటికి పంపించేసింది. గంట అయ్యేసరికి ఆమె ముందున్న రాశి హాలులో అందరికన్నా ఎత్తు. చుట్టుపక్కల బల్లల వాళ్ళు మెడలు సాచి చూస్తున్నారు. వీరవేణికి ఒళ్ళంతా హుషారుగా ఉంది. నాయనమ్మ ఉండి చూస్తే ఎంత బావుండేదో అనిపించింది.

సరిగ్గా అప్పుడే నాదస్వరం వినబడింది.

విశ్వపతి గారు ముందు, పళ్ళెంలో కొబ్బరికాయతో భాస్కరం గారు వెనక, ఫోటోగ్రాఫర్లు ఆ వెనక, ఊరేగింపుగా బల్ల దగ్గరికి వచ్చారు. కొబ్బరికాయ కొట్టారు. ఎం.డి. గారు మైకు అందుకున్నారు.

"ఈ రాశి ఏ ఒక్క వ్యక్తి సొత్తూ కాదు. ఇది రాష్ట్ర ప్రజల సమష్టి మేధోసంపద. దీనిని సాధించుట ఒక ఎత్తు, పరిరక్షించుట మరొక ఎత్తు. ఇందుమూలముగా ఈ రాశి నుండి ఒక్క బిళ్ళ అయినను త్రిసభ్య సంఘం లిఖితపూర్వక అనుమతి లేనిదే కదలరాదని ఆదేశించుచున్నాను."

భాస్కరం గారు వంగి, కళ్ళంలో ధాన్యం చుట్టూ వేసినట్టు బిళ్ళల చుట్టూ విభూతితో గీత గీశారు. రాశి నెత్తిన కూడా ఒక ముద్ర వేశారు. ఎవరైనా ఒక బిళ్ళ లాగితే ముద్ర చెదిరి ఇట్టే తెలిసిపోతుందట. పక్కనే 'రాశి ముట్టరాదు' అని బోర్డు పెట్టి, లాఠీతో ఒక హోంగార్డుని వీరవేణి కుర్చీ వెనక నిలబెట్టారు.

వీరవేణి నోరెళ్ళబెట్టింది. "సార్, పందెం కాయకుండా ఆడ్డం ఎలాగండీ?"

"పందెమా?" అన్నారు విశ్వపతి గారు, ఎవరో గోదాము తాళాలు అడిగినట్టు ఉలిక్కిపడి. "ప్రభుత్వ ఆస్తిని పందెం కాస్తారా అమ్మా ఎక్కడైనా?"

పోటీ నిర్వాహకులు నసిగారు గానీ, మండపం అద్దె కడుతున్నది సంస్థే. ఆడేవాళ్ళు తమ వంతు వచ్చినప్పుడు అర నిమిషంలో తేల్చేస్తే చాలు, మిగతావి తమకి అనవసరమన్నారు.

తర్వాతి చేతిలోనే వీరవేణికి రెండు ఆసులు పడ్డాయి. ఆటలో అంతకన్నా మంచి ముక్కలు లేవు. ఆమె గబుక్కున వెనక్కి తిరిగింది.

"భాస్కరంగారూ, తొందరగా అనుమతి ఇప్పించండి. అర నిమిషమే ఉంది."

"సంఘంలో ముగ్గురు కదమ్మా. ఎం.డి. గారు ఫోనులో ఉన్నారు. అకౌంట్సు ఆఫీసరు గారు టిఫిన్ చేస్తున్నారు."

"మూడో ఆయన?"

"మూడో సభ్యుణ్ణి ఇంకా నియమించలేదు."

అర నిమిషం అయిపోయింది. హోంగార్డు లాఠీ సవరించుకున్నాడు. వీరవేణి రెండు ఆసులనీ బోర్లా పడేసింది. మధ్యాహ్నం మూడింటికి భాస్కరం గారు పరుగున వచ్చి, మొదటి ఇద్దరు సభ్యుల సంతకాలు అయ్యాయని, ఆ ఆసుల్ని కొంచెం అలాగే ఉంచమని చెప్పారు.

పందెం కాయకపోయినా బిళ్ళలు కదలక తప్పదు. వంతు వచ్చినప్పుడల్లా ఆడినా ఆడకపోయినా కొన్ని బిళ్ళలు బల్ల మధ్య పెట్టాలన్నది ఆట నియమం. గంట గంటకీ ఆ కట్టుబడి పెరుగుతుంది. హోంగార్డు కూడా దానికి అడ్డు చెప్పలేకపోయాడు. భోజనాల వేళకి రాశి నడుం దాకా కుంగింది. భాస్కరం గారు చూసి గుండెలు బాదుకున్నారు.

"తరుగమ్మా ఇది! తరుగు! ధాన్యానికైతే నూటికి రెండు ఒప్పుకుంటారు. బిళ్ళలకి ఎంతో ఎవరూ నిర్ణయించలేదు."

"తరుగు కాదండీ. ఆడనివ్వరు కాబట్టి పోతన్నాయి. నన్ను ఒక్క చెయ్యి ఆడనివ్వండి, ఇంతకి ఇంత తెస్తాను."

"ఏసీ గాలికి ఆరిపోతున్నాయేమో" అన్నారు భాస్కరం గారు ఆమె మాట చెవిన వేసుకోకుండా.

అరగంటలో టార్పాలిన్ వచ్చింది. రాశి మీద కప్పి తాళ్ళతో కట్టారు. పురుగు పట్టకుండా అడుగున వేపాకు పరిచారు. బల్ల కింద మసాలా గారె పెట్టి ఎలకల బోను అమర్చారు. వీరవేణి తప్పనిసరి బిళ్ళలు పెట్టాల్సినప్పుడల్లా ఒక మూల తాడు విప్పి, చెయ్యి దూర్చి, తీసి, మళ్ళీ కట్టాలి.

జిగ్నేష్ భాయ్ వ్యాపారి. ఎదుటి దుకాణం తలుపు తెరిచే ఉన్నా లోపల అమ్మేవాడు లేడని అతను వెంటనే కనిపెట్టాడు. చేతిలో ఏమీ లేకపోయినా ప్రతిసారీ పందెం పెంచేవాడు, వీరవేణి ముక్కలు పడేసేది, ఆమె తప్పనిసరిగా పెట్టిన బిళ్ళలు అతను ఊడ్చుకునేవాడు. అందరికన్నా పెద్ద రాశిని చూసి బల్ల జంకాలన్నది నిపుణుడి మాట. ఇక్కడ పెద్ద రాశే అందర్నీ చూసి బిక్కచచ్చి కూర్చుంది. చాలదన్నట్టు హోంగార్డు వెనక నుంచి వీరవేణి ముక్కలు చూస్తున్నాడు. అవి మంచివైతే అతని మొహం చేటంత అయ్యేది. జిగ్నేష్ భాయ్ ఇప్పుడు వీరవేణి వైపు చూడ్డం మానేసి, ఆ మొహాన్నే చూసుకుంటూ ఆడుతున్నాడు.

సాయంత్రం మంత్రిగారు రాశిని సందర్శిస్తారని కబురొచ్చింది. విశ్వపతి గారు టార్పాలిన్ ఎత్తి చూసి, భాస్కరం గారి వంక తిరిగారు. ఇద్దరూ గిడ్డంగుల్లో కలిసి పనిచేసినవాళ్ళే. ఒక్క మాట కూడా అనుకోకుండా కుర్చీలు లాక్కుని కూర్చుని, మిగిలిన బిళ్ళల్ని చుట్టూ గోడలా పేర్చి, మధ్యలో ఖాళీ వదిలి, పైన వరసగా కప్పేశారు. లోపల ఏమీ లేదని బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. వీరవేణి చేతులు కట్టుకుని చూస్తూ కూర్చుంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మంత్రిగారు వచ్చి రాశికి పూలదండ వేశారు. దండ బరువుకి పై వరస కాస్త లోపలికి దిగింది గానీ, ఆయన అప్పటికే ఫోటో వైపు తిరిగారు. దేశంలో ఏ రాష్ట్రమూ మొదటి గంటలో ఇంత రాశి పోయలేదని మెచ్చుకుని, విశ్వపతి గారికి శాలువా కప్పి, కాఫీ తాగి వెళ్ళిపోయారు. ఎం.డి. గారు, అకౌంట్సు ఆఫీసరు ఆయన్ని సాగనంపడానికి వెళ్ళారు. భాస్కరం గారు దండతో సహా రాశి మీద మళ్ళీ టార్పాలిన్ కప్పేశారు.

అప్పటికి పోటీలో పదిమంది మిగిలారు. ఇంకొక్కరు పోతే మిగిలేది ఆఖరి బల్ల, వీరవేణికి పర్మనెంటు ఉద్యోగం. కానీ ఆమె గోడ గుల్ల. వచ్చే వంతుకి పెట్టాల్సిన తప్పనిసరి బిళ్ళలకే అంతా ఊడ్చుకుపోతుంది. ఇక ఊరుకున్నా పోతుంది, ఆడినా పోవచ్చు.

చేతిలో రెండు పదులు పడ్డాయి.

"భాస్కరంగారూ, సంఘం ఎక్కడుందండీ?"

"మంత్రిగారి కారు దగ్గరుందమ్మా."

"అయితే ఇక్కడ అడగాల్సినోళ్ళు ఎవరూ లేరన్నమాట."

వీరవేణి లేచి నిలబడింది. టార్పాలిన్ లాగి అవతల పారేసింది. పూలదండ తీసి హోంగార్డు మెడలో వేసింది. 'రాశి ముట్టరాదు' బోర్డుని బోర్లా తిప్పింది. చీర కొంగుతో విభూతి గీత తుడిచేసి, రెండు చేతులతో మొత్తం గోడని బల్ల మధ్యకి తోసేసింది. పొద్దుటి నుంచి మొదటిసారి ఆమెకి ఊపిరి ఆడినట్టయింది. భాస్కరం గారు కుర్చీలో కూలబడ్డారు.

జిగ్నేష్ భాయ్ హోంగార్డు మొహం చూడబోయాడు. అది దండలో మునిగిపోయి కనబడలేదు. చాలాసేపటికి మొదటిసారి వీరవేణి మొహం చూడాల్సి వచ్చింది. చూసి, కాసేపు తటపటాయించి, తన బిళ్ళలు తోశాడు. అతని దగ్గర ఒక ఆసు, ఒక జాకీ. మధ్యలో ముక్కలు ఒక్కొక్కటే తెరిచారు. నాలుగు ముక్కల దాకా వీరవేణి పదులే పైచెయ్యి. అయిదో ముక్క ఆసు పడింది.

వీరవేణి పదో స్థానంలో పోయింది.

జిగ్నేష్ భాయ్ లేచి దణ్ణం పెట్టాడు. "పొద్దుట్నుంచీ ఇలా ఆడుంటే, చెల్లెమ్మా, మధ్యాన్నానికే నేను సూరత్ రైలెక్కేవాణ్ణి" అన్నాడు.

వీరవేణి పెళ్ళికూతురి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని ఏడ్చింది. ఓడినందుకు కాదు. ఓటమి ఆటలో మామూలే. ఆడనిస్తే గెలిచేదాన్నని తెలిసినందుకు, మళ్ళీ మార్చి వస్తుందని గుర్తొచ్చినందుకు.

విశ్వపతి గారికి తొలి రాశి సాధన కింద ప్రశంసాపత్రం వచ్చింది. పోటీలో ఎన్నో స్థానం వచ్చిందని ఎవరూ అడగలేదు. అయితే ఆ ప్రశంసాపత్రం చూసిన ఆడిటు వాళ్ళు మాత్రం, ఇంత ఘనమైన రాశి ప్రస్తుతం ఎక్కడున్నదో చూపించమన్నారు. పోటీ కాగానే నిర్వాహకులు తమ బిళ్ళలు తాము పెట్టెలో సర్దుకుని పోయారని చెబితే సరిపోయేది. కానీ అలా చెబితే రాశి సంస్థది కాదని ఒప్పుకున్నట్టవుతుంది, కప్పిన శాలువా వెనక్కివ్వాల్సి వస్తుంది. అందుకని ప్రభుత్వ ఆస్తిని అనుమతి లేకుండా పందెం కాసి పోగొట్టిందని వీరవేణి మీద విచారణ వేశారు.

విచారణ గదిలో విశ్వపతి గారు, భాస్కరం గారు, ఎదురుగా వీరవేణి.

"పోయిన బిళ్ళలు మూడు వందల చిల్లర" అన్నారు ఎం.డి. గారు గంభీరంగా. "తప్పు తీవ్రమైనదే అయినను, చిరుద్యోగి అగుటచే దయతలచి, నెలకు ఒక బిళ్ళ చొప్పున రికవరీకి ఆదేశిస్తున్నాము."

భాస్కరం గారు దగ్గారు. "కుదరదు సార్. ఒప్పంద ఉద్యోగి నుంచి రికవరీ పెట్టడానికి నిబంధన లేదు. అదీగాక మార్చి ముప్ఫై ఒకటిన ఈవిడ మన ఉద్యోగి కాకుండా పోతుంది. ఆ రోజుతో మన ఆదేశం చచ్చిపోతుంది. ఆస్తి పోయినట్టే. అప్పుడు రికవరీ మనిద్దరి మీద పడుతుంది."

విశ్వపతి గారు శాలువా సర్దుకున్నారు.

"మరి మార్గమేమి?"

"ఈవిడ ఎక్కడికీ పోకుండా కట్టిపడెయ్యాలి సార్. సర్వీసు, ఇంక్రిమెంట్లు, పింఛను, అన్నీ ఇచ్చి."

వీరవేణి తల వంచుకుని కూర్చుంది. మూడు ఏడులు పడ్డనాడు పెట్టిన దిగాలు మొహమే మళ్ళీ పెట్టింది. "నాకు వద్దు బాబోయ్, అంత శిక్ష ఎందుకండీ" అని గొణిగింది కూడా. దాంతో విశ్వపతి గారికి పట్టుదల పెరిగి, ఆ రోజే శిక్ష కింద ఆమెని పర్మనెంటు చేస్తూ సంతకం పెట్టేశారు.

అప్పటి నుంచి ప్రతి నెలా ఒకటో తేదీన వీరవేణి ఒక బిళ్ళ తెచ్చి స్టోర్సులో అప్పగిస్తోంది. భాస్కరం గారు దాన్ని వేపాకు మీద పెట్టి, చుట్టూ విభూతి గీత గీస్తారు. ఈసారి మార్చి ముప్ఫై ఒకటి వచ్చి వెళ్ళిపోయింది. ఆ మర్నాడు వీరవేణి మామూలుగా ఆఫీసుకొచ్చి, మామూలుగా టిఫిన్ డబ్బా విప్పి, కడుపునిండా తిని, బిళ్ళ పట్టుకుని స్టోర్సుకి వెళ్ళింది.

"వీరవేణమ్మా," అన్నారు భాస్కరం గారు గీత గీస్తూ, "మెయిన్ రోడ్డులో బొమ్మల కొట్లో ఈ బిళ్ళలు డబ్బాలకి డబ్బాలే అమ్ముతున్నారు. చవక కూడాను. ఒకేసారి కొనేసి కట్టేస్తే నీకు ఈ బెడద వదిలిపోయేది కదా?"

వీరవేణి గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"అమ్మో, వద్దండి. రాశంతా మొదట్లోనే పోసేస్తే ఏమవుద్దో చూశాం కదండీ" అని, సీటు దగ్గరికి వెళ్ళిపోయింది.